రెజ్యూమేలో రెండో సిల్వర్ స్టార్

160. క్రిస్ కైల్ పేరెత్తగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఈ అంకె. స్నైపర్‌గా అతను చంపినవాళ్ళ సంఖ్యకి ఖరారైన లెక్కగా అందరూ చెప్పేది ఇదే. అంతకు ముందు అమెరికా రికార్డు వియత్నాం యుద్ధంలో పనిచేసిన అడెల్బర్ట్ వాల్డ్రన్ అనే ఆయనది – 109. కైల్ లెక్క ప్రకారమైతే అసలు సంఖ్య 255 దాకా ఉంటుంది. మిగతావి ఖరారు కాలేదు, అంతే. ఒకటి ఖరారు కావాలంటే మనిషి పడిపోవటం ఇంకొకరు కళ్ళారా చూడాలి, చచ్చాడని తేలాలి. దెబ్బ తిన్నవాడు గోడ చాటుకి పాక్కుంటూ పోయి అక్కడ ప్రాణం వదిలితే అది లెక్కలోకి రాదు. ఈ సంగతి కైలే తన పుస్తకంలో వివరించాడు. అంటే తుపాకీ పట్టుకున్నవాడి మాట ఒక్కటే సరిపోదన్నమాట. పక్కన సాక్షి ఉండాలి.

నాకు ఈ రూలు భలే నచ్చింది. ఎందుకు నచ్చిందో చివర్లో చెప్తా. ముందు మనిషి కథ.

కైల్ 1974లో టెక్సాస్‌లోని ఒడెస్సాలో పుట్టాడు. నాన్న చిన్నప్పుడే తుపాకీ చేతికిచ్చాడు. కుర్రాడు వేట నేర్చుకున్నాడు, గుర్రాల మీద రోడియో పోటీలకెళ్ళాడు, అక్కడ పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ చేతిలో వేసిన ఇనప పిన్నుల వల్ల మిలటరీవాళ్ళు మొదట వద్దన్నారు. మళ్ళీ వాళ్ళే పిలిస్తే 1999లో నేవీలో చేరాడు, 2001లో సీల్ కమాండోల శిక్షణ పూర్తి చేశాడు. ఆ శిక్షణ మధ్యలో వదిలేసి పోయేవాళ్ళే ఎక్కువ. తర్వాత సీల్ టీమ్ 3తో ఇరాక్‌కి నాలుగు విడతలు వెళ్ళాడు. 2003లో యుద్ధం మొదట్లో, 2004లో ఫలూజా, 2006లో రమాదీ, 2008లో సదర్ సిటీ. ఆ యుద్ధంలో ఘోరమైన చోట్లు ఏవని అడిగితే ఎవరైనా చెప్పే పేర్లలో ఈ మూడూ ఉంటాయి.

స్నైపర్ అనగానే మనకి సినిమాల్లో చూపించే ఒంటరి వేటగాడు గుర్తొస్తాడు. కైల్ చేసిన పని ఎక్కువగా అది కాదు. కింద వీధుల్లో మెరీన్లు ఇల్లిల్లూ గాలిస్తుంటారు, పైన మేడ మీద ఇతను రైఫిలు పెట్టుకుని పడుకుని వాళ్ళకి కాపలా కాస్తుంటాడు. ఎవడైనా బాంబు పాతటానికొచ్చినా, రాకెట్ లాంచరు భుజానికెత్తుకున్నా వాణ్ణి పడగొట్టాలి. గంటలకి గంటలు టెలిస్కోపులో కన్ను పెట్టి చూస్తూ ఉండటమే ఉద్యోగం. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్ సపోర్టు. అంతా బాగా నడిచినన్నాళ్ళూ మనం ఉన్నామని ఎవడికీ తెలీదు, ఏదన్నా తేడా వస్తే మాత్రం అందరూ మనవైపే చూస్తారు. ఇక్కడ తేడా అంటే సర్వరు పడిపోవటం కాదు, మనుషులు పోవటం. అందుకే అతను కాపలా ఉన్నాడంటే కింద నడిచే కుర్రాళ్ళకి ధైర్యంగా ఉండేదట. తోటివాళ్ళు సరదాకి మొదలెట్టిన ‘లెజెండ్’ అనే ముద్దు పేరు అతనికి అలాగే అతుక్కుపోయింది.

2008లో సదర్ సిటీ దగ్గర 2,100 గజాల దూరం నుంచి ఒకణ్ణి కొట్టాడు. మన లెక్కలో దాదాపు 1.9 కిలోమీటర్లు. ఈ చివర నుంచి ఆ చివర నించున్న మనిషి మామూలు కంటికి చీమంత కూడా ఆనడు.

ఇవన్నీ నిజాలే. వీటి మీద పెద్దగా పేచీ లేదు. 2009లో నేవీ వదిలేసి ఇంటికొచ్చాడు. కుటుంబం కోసం వచ్చేశానని రాసుకున్నాడు. క్రాఫ్ట్ ఇంటర్నేషనల్ అని ఒక ట్రెయినింగ్ కంపెనీ పెట్టాడు. ఇక్కడి నుంచీ రెండో ఉద్యోగం మొదలు – రచయితగా.

‘అమెరికన్ స్నైపర్’ 2012 జనవరిలో వచ్చింది. స్కాట్ మెకెవెన్, జిమ్ డిఫెలీస్ అని ఇద్దరు సహరచయితలున్నారు. హార్పర్‌కాలిన్స్ వాళ్ళ సంస్థే వేసింది. పుస్తకం పది లక్షలు దాటి అమ్ముడుపోయింది. 2014 చివర్లో క్లింట్ ఈస్ట్‌వుడ్ దాన్ని సినిమాగా తీశాడు, బ్రాడ్లీ కూపర్ కైల్‌గా వేశాడు. ఆ ఏడాది విడుదలైన సినిమాల్లో అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ వసూళ్ళు దానివే, ప్రపంచం మొత్తమ్మీద 50 కోట్ల డాలర్లు దాటింది. మనవాళ్ళలో కైల్ గురించి తెలిసినవాళ్ళకి తెలిసింది నూటికి తొంభై పాళ్ళు ఈ సినిమా ద్వారానే అనుకుంటా. నేనూ ముందు సినిమాయే చూసి తర్వాత పుస్తకం చదివాను.

చదివితే ముందు తెలిసేదేంటంటే, సినిమాలో కథకి వెన్నెముకలా నిలబెట్టిన ముస్తఫా అనే ప్రత్యర్థి స్నైపర్ పుస్తకంలో నాలుగు వాక్యాలకి మించి లేడు. వాణ్ణి చంపింది కైల్ కూడా కాదు. సినిమా మొదట్లో గుండె ఆగినంత పని చేసే సీనొకటుంది, గ్రెనేడు పట్టుకున్న కుర్రాణ్ణి, ఆ తర్వాత వాళ్ళమ్మని కాలుస్తాడు. పుస్తకంలో కాల్చింది గ్రెనేడుతో వచ్చిన ఒక్క ఆడమనిషిని. సరే, సినిమావాళ్ళు మారుస్తారు, అది వాళ్ళ వృత్తి. మన దగ్గర అల్లూరి సీతారామరాజుకీ కొమరం భీమ్‌కీ స్నేహం కలిపి డాన్సులు చేయిస్తే చప్పట్లు కొట్టి మరీ చూశాం కదా. కల్పన అని చెప్పి తీసినదాంతో పేచీ లేదు.

పేచీ పుస్తకంతోనే. పుస్తకం ఆత్మకథ. నాకు జరిగింది జరిగినట్టు చెప్తున్నాను అన్న ఒప్పందం మీద అమ్మిన సరుకు.

అందులో ‘స్క్రఫ్ ఫేస్’ అనే మారుపేరుతో ఒక మనిషి వస్తాడు. 2006లో కాలిఫోర్నియాలోని కొరొనాడోలో ఒక బారు. చనిపోయిన సీల్ సైనికుడి సంస్మరణకి అందరూ చేరిన రోజు. ఈ మనిషి సైనికుల గురించి నీచంగా మాట్లాడాడనీ, తను ఒక్క గుద్దుతో కింద పడేశాననీ కైల్ రాశాడు. ఆ మనిషి జెస్సీ వెంచురా అని రేడియో, టీవీ ఇంటర్వ్యూల్లో చెప్పేశాడు. వెంచురా మాజీ కుస్తీ వీరుడు, మిన్నెసోటా మాజీ గవర్నరు, తను కూడా ఒకప్పుడు నేవీలో పనిచేసినవాడే. అసలలాంటిదేమీ జరగలేదని 2012లో పరువునష్టం దావా వేశాడు. 2014 జులైలో జ్యూరీ 8–2 తేడాతో వెంచురా మాటే నమ్మి 18 లక్షల డాలర్ల పైచిలుకు ఇవ్వమంది. 2016లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అందులో పెద్ద భాగాన్ని చట్టం ఒప్పుకోదంది, పరువునష్టం సంగతి మాత్రం మళ్ళీ మొదట్నుంచీ విచారించమంది. చివరికి 2017 డిసెంబరులో వెంచురాకీ ప్రచురణ సంస్థకీ రాజీ కుదిరింది. కాబట్టి కోర్టుల లెక్కలో ఈ కథ అబద్ధమని చివరి ముద్ర పడలేదు. ఇది కైల్ పక్షాన చెప్పాల్సిన మాట. కాకపోతే 2014 తీర్పు తర్వాత వచ్చిన ముద్రణల్లోంచి ఆ భాగాన్ని ప్రచురణకర్తలే తీసేశారు. ఇది రెండో పక్షాన చెప్పాల్సిన మాట.

రెండో సంగతి పతకాలు. తనకి 2 సిల్వర్ స్టార్లు, 5 బ్రాంజ్ స్టార్లు వచ్చాయని పుస్తకంలో రాసుకున్నాడు. 2016లో పత్రికల్లో ప్రశ్నలొచ్చాక నేవీ పాత కాగితాలన్నీ తిరగేసి తేల్చింది – 1 సిల్వర్ స్టార్, 4 బ్రాంజ్ స్టార్లు. తమాషా ఏంటంటే అతను ఉద్యోగం వదిలేటప్పుడు నేవీ చేతికిచ్చిన కాగితంలోనే 2 సిల్వర్, 6 బ్రాంజ్ అని ఉంది! అంటే ఒకే మనిషికి మూడు చోట్ల మూడు లెక్కలు. డేటాబేసులతో బతికే మనకి ఇలాంటివి కొత్త కాదు. రిపోర్టులో ఒకటుంటుంది, అసలు టేబుల్లో ఇంకోటుంటుంది, మేనేజరు స్లైడులో మూడోది ఉంటుంది. నేవీ ఆ కాగితాన్ని కూడా సరిదిద్దింది. అందుకని ఇక్కడ కైల్‌ని ఏకపక్షంగా అబద్ధాలకోరని నేను అనను. కానీ పతకం అంటే జీతం స్లిప్పులో పైసల తేడా కాదు. ఒక్కో పతకానికీ ఒక రోజుంటుంది, ఒక వీధుంటుంది, పైవాళ్ళు రాసిన ప్రశంసాపత్రం ఉంటుంది. రెండో సిల్వర్ స్టార్ ఏ రోజు చేసిన పనికి వచ్చిందో ఆ మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఇంకా పుస్తకంలోకెక్కని కథలు కొన్ని ఉన్నాయి. టెక్సాస్‌లో ఒక పెట్రోలు బంకు దగ్గర తన బండి కాజెయ్యబోయిన ఇద్దర్ని కాల్చి చంపానని చెప్పుకున్నాడట. విలేకరులు వెళ్ళి ఆరా తీస్తే ఆ చుట్టుపక్కల పోలీసుల దగ్గర అలాంటి కేసే లేదు. కత్రినా తుఫానప్పుడు న్యూ ఓర్లీన్స్ స్టేడియం మీంచి లూటీదారుల్ని కాల్చానని ఇంకో కథ. దానికీ ఆధారం దొరకలేదు.

నిజానికి ఈ వృత్తిలో కథలల్లటం కైల్‌తో మొదలవలేదు. స్టాలిన్‌గ్రాడ్‌లో పోరాడిన సోవియట్ స్నైపర్ వసీలీ జైత్సెవ్ తన జ్ఞాపకాల్లో ఒక జర్మన్ మహా స్నైపర్‌తో రోజుల తరబడి సాగిన ద్వంద్వ యుద్ధం గురించి రాశాడు. దాని మీద 2001లో సినిమా కూడా వచ్చింది. జర్మన్ల రికార్డుల్లో అలాంటి మనిషి జాడే లేదంటారు చరిత్రకారులు. అక్కడ ప్రభుత్వానికి ఒక వీరుడు కావాల్సొచ్చాడు, కథ తయారైంది. ఇక్కడ ప్రభుత్వం పనిలేదు, మార్కెట్టే చాలు. 160 మందిని చంపినవాడి పుస్తకం కొనేవాడు ఇంకాస్త మసాలా అడుగుతాడు. చెప్పేవాడు వేస్తాడు. పక్కనున్న ఇద్దరు సహరచయితలూ, వెనకున్న పెద్ద ప్రచురణ సంస్థా ఒక్క ఫోను కొట్టి కనుక్కుని ఉంటే ఆపగలిగేవాళ్ళు. టెస్టింగు లేకుండా కోడు ప్రొడక్షన్‌కి వెళ్ళిపోయింది.

మా పెద్ద మేనమామ మిలటరీలో పనిచేశాడు. 71 యుద్ధంలో ఉన్నాడు. మా ఊళ్ళోవాళ్ళు ఆయన చేత తక్కువలో తక్కువ డజను మంది పాకిస్తాన్ సైనికుల్ని చంపించారు. సంక్రాంతికి అరుగు మీద చేరినప్పుడల్లా ఎవరో ఒకరు కదిలించేవాళ్ళు. ఆయన సమాధానం ఎప్పుడూ ఒకటే. “నేను లారీ తోలానురా అబ్బాయ్. బియ్యం బస్తాలు, డీజిలు పీపాలు.” ఓసారి నేనే అడిగా, “తుపాకీ పేల్చావా మావయ్యా?” అని. “ట్రెయినింగులో పేల్చా. చెక్క బొమ్మని” అన్నాడు. నాకప్పుడు పదేళ్ళు, చచ్చేంత నిరాశపడ్డాను. ఇంకోసారెప్పుడో, అడక్కుండానే, రాత్రిళ్ళు లైట్లు ఆర్పేసి ముందు బండి వెనక తెల్లరంగు మచ్చ ఒక్కటే చూసుకుంటూ లారీ ఎలా నడిపారో చెప్పాడు. పక్కన లోయ ఉందో పొలముందో తెలీదట. అది విన్నాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆయన ఓ డజను మందిని కలుపుకుని చెప్పి ఉంటే అరుగు మీద బ్రహ్మరథం పట్టేవాళ్ళు. కానీ ఈ లారీ కథని నేను నమ్మేవాణ్ణి కాదు. ఇవాళ నమ్ముతున్నానంటే, బస్తాల్ని బస్తాలనే చెప్పాడు గనక.

ఇక మన సంగతి. ఏడాదికో పది ఇరవై ఇంటర్వ్యూలు చేస్తుంటాను. అందులో మన తెలుగు పిల్లలు బాగానే ఉంటారు. మూడేళ్ళు పనిచేసినవాడి రెజ్యూమేలో ఎనిమిదేళ్ళుంటాయి. ఎవరు రాశారో, ఎందుకు రాశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు, వివరించక్కర్లేదు. మోసగాళ్ళని కనిపెట్టటం తేలికే, రెండు ప్రశ్నలు చాలు. వాళ్ళ గురించి నాకు బాధ లేదు. బాధ పెట్టేవాళ్ళు వేరే ఉన్నారు. ఒకబ్బాయి మొన్నామధ్య ఒక పాత సిస్టమ్‌లో నెల రోజులు పట్టని బగ్గుని తను ఎలా పట్టాడో చెప్పాడు. అద్భుతంగా చెప్పాడు. లాగులు ఎక్కడ చూశాడు, ఏది అనుమానించాడు, ఏది కొట్టిపారేశాడు – అన్నీ. అంత పని చేతిలో ఉన్నవాడు, దాని కిందే ఎన్నడూ చేయని ప్రాజెక్టు ఒకటి రాసుకున్నాడు. దాని గురించి అడిగితే మూడో ప్రశ్నకి గొంతు మారిపోయింది. నాకు కావల్సింది అతని మొదటి కథే. ఆ ఉద్యోగానికి మూడేళ్ళ అనుభవం సరిపోతుంది కూడా. కానీ రెండోది అబద్ధమని తేలాక ప్యానెల్లో పక్కనున్నాయన అడిగిన ప్రశ్న “మరి ఆ బగ్గు కథ నిజమేనంటావా?” అని. నిజమేనని నా నమ్మకం. చూపించటానికి సాక్ష్యం లేదు. అబ్బాయికి ఉద్యోగం రాలేదు.

అబద్ధం తాను ఒక్కతే మునగదు, పక్కనున్న నిజాన్ని కూడా పట్టుకుని లాగుతుంది. కైల్ పుస్తకంలో నాకు అన్నిటికన్నా కష్టంగా తోచింది ఇదే. అందులో రమాదీ పేజీలున్నాయి. 2006 ఆగస్టు 2న అతని స్నేహితుడు రయాన్ జోబ్ మొహానికి తూటా దెబ్బ తగిలి చూపు పోగొట్టుకున్నాడు. అదే రోజు మార్క్ లీ చనిపోయాడు, ఇరాక్‌లో ప్రాణం పోయిన మొదటి సీల్ అతనే. ఆ పేజీల్లో ప్రగల్భాలు లేవు. తనవాళ్ళని కాపాడటానికి మేడ మీద పడుకున్నవాడు, కాపాడలేకపోయిన రోజు గురించి రాసుకున్న మాటలవి. అవి నిజం. వాటికి సాక్షులున్నారు. కానీ బారులో గుద్దు కథ చదివి నవ్వుకున్న పాఠకుడు ఈ పేజీల దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు సవరించుకుంటాడు. చనిపోయిన మార్క్ లీ ఏం తప్పు చేశాడని ఆ అనుమానం మొయ్యాలి?

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఈ పుస్తకంలో ఇరాక్ మనుషులు టెలిస్కోపులోంచి మాత్రమే కనిపిస్తారు. ఎదుటివాళ్ళని అనాగరికులనే పిలుస్తాడు, ఇంకా ఎక్కువమందిని చంపలేకపోయాననే తప్ప చింత లేదంటాడు. ఆ మాటలు చదవటం నాకు కష్టమైంది. అయితే ఒక రకంగా ఆ మాటల్ని గౌరవిస్తాను కూడా. అక్కడ మనల్ని మెప్పించాలని చూడలేదు. అనుకున్నది అనుకున్నట్టు రాశాడు. రచయితగా అతని నిజాయితీ అక్కడుంది, మనకి నచ్చినా నచ్చకపోయినా. ఆ నిజాయితీని పతకాల లెక్క దగ్గర కూడా చూపించి ఉంటే ఎంత బావుండేది.

ముగింపు మీకు తెలిసే ఉంటుంది. ఉద్యోగం వదిలాక యుద్ధం నుంచి మనసు దెబ్బతిని వచ్చిన సైనికులకి కైల్ తన టైమంతా ఇచ్చేవాడు. ఆసుపత్రి గదుల్లో చెప్పలేని మాటలు ఫైరింగు రేంజి దగ్గర నించుంటే చెప్తారని అతని నమ్మకం. కైల్ పిల్లలు చదివే బడిలో పనిచేసే ఒకావిడ తన కొడుకుతో కాస్త మాట్లాడమని బతిమాలుకుంది. ఆ కొడుకు పాతికేళ్ళ మాజీ మెరీన్. 2013 ఫిబ్రవరి 2న అతన్ని టెక్సాస్‌లోని ఒక రేంజికి తీసుకెళితే, అక్కడే కైల్‌నీ వెంట వచ్చిన స్నేహితుణ్ణీ కాల్చి చంపాడు. మతి స్థిమితం లేదన్న వాదనని 2015లో జ్యూరీ ఒప్పుకోలేదు, బయటికి రాలేని యావజ్జీవ శిక్ష పడింది. కైల్‌కి అప్పటికి 38 ఏళ్ళు. డాలస్ కౌబాయ్స్ ఆడే స్టేడియంలో సంస్మరణ సభ పెట్టారు, వేలమంది వచ్చారు. శవయాత్ర ఆస్టిన్ దాకా 200 మైళ్ళు సాగితే దారి పొడుగునా జనం జెండాలు పట్టుకుని నించున్నారు.

అక్కడ నించున్నవాళ్ళలో రెండో సిల్వర్ స్టార్ కోసం వచ్చినవాడు ఒక్కడైనా ఉంటాడా? ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడి కోసం, వాళ్ళమ్మ అడిగిందని, ఒక శనివారం మధ్యాహ్నం వదులుకుని వెళ్ళాడు. ఆ సంగతి ఏ పతకంలోనూ లేదు, అతను రాసుకునే అవకాశమూ రాలేదు. ఆ సంగతి కోర్టులో సాక్షులు చెప్పారు.

మొదట్లో చెప్పిన రూలు నాకు ఎందుకు నచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. యుద్ధంలో ఒక్క తూటాకి కూడా సాక్షి కావాలన్న మనిషి, పుస్తకం దగ్గరికొచ్చేసరికి సాక్షి లేకుండా కానిచ్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ అడగలేదు. ధైర్యవంతుడు కాబట్టి నిజమే చెప్తాడని అనుకున్నారు. ధైర్యానికీ నిజం చెప్పటానికీ చుట్టరికం ఉండి తీరాలని ఎక్కడా లేదు. గురి చూసి కొట్టగలిగినంత మాత్రాన గుర్తుపెట్టుకుని చెప్పగలగాలనీ లేదు. అవి రెండూ వేరు వేరు పనులు, దేనికి దానికి వేరే సాధన కావాలి.

పుస్తకం చదవొద్దని నేననను. రమాదీ అధ్యాయాల కోసం చదవండి. పతకాల లెక్క దగ్గరికొస్తే మాత్రం నేవీ సరిదిద్దిన అంకెలే గుర్తుపెట్టుకోండి – 1 సిల్వర్ స్టార్, 4 బ్రాంజ్ స్టార్లు. ఏ సైనికుడి రెజ్యూమేకైనా అవి చాలా ఎక్కువ.